వదులు చేసిన తీగలు

ఆ ఎండాకాలం మా నాన్న గొంతు తీసేశారు.

మాటవరసకి కాదు, నిజంగానే తీసేశారు. మెడ మధ్యలో చొక్కా గుండీ అంత కన్నం, అందులో ఒక గొట్టం. ఊపిరి అక్కణ్ణుంచే. ముక్కులోంచి ఇంకో గొట్టం, తిండి అందులోంచి. మాట మాత్రం ఎక్కణ్ణుంచీ రాదు. ఇంటికి పంపించే రోజు డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, "మళ్లీ పెరుగుతోందమ్మా. వానలు పడేదాకా ఉంటే గొప్ప" అన్నాడు. ఆ మాట అమ్మకి ఎలా చెప్పాలా అని దారంతా కొట్టుకులాడాను. తీరా ఇంటికొచ్చేసరికి అమ్మ మంచాన్ని కిటికీ పక్కకి జరిపి, ఉతికిన దుప్పటి పరుస్తూ, "పోయే మనిషికి గాలైనా ఆడాలి కదే" అంది. ఇక నేను చెప్పేదేముంది?

మాది మోటార్లకి వైండింగ్ కట్టే షాపు. కాలిపోయిన మోటారు తెస్తే, మాడిన రాగి తీగంతా పీకేసి కొత్త తీగ చుట్టి ఇస్తాం. షాపులో నాన్నా నేనూ, అంతే. స్కూలు అయిపోయాక వచ్చి ఆ బల్ల ముందు కూర్చోవడం పన్నెండో ఏట మొదలైతే, అప్పటికి నాకు ఇరవై ఏడు. ఎండలు ముదిరితే ఊళ్లో ఫ్యాన్లూ నీళ్ల మోటార్లూ పోటీలు పడి కాలిపోతాయి. నాన్న మంచాన పడ్డ ఏడాదే ఎండలు మరీ మండిపోయాయి. తెల్లారేసరికి షట్టరు ముందు నాలుగైదు మోటార్లు బారులు తీరి ఉండేవి.

ఒకరోజు ఎవరో చాలా పాత మోటారు తెచ్చారు. దాని వెనక మూత పగిలిపోయింది. అలాంటి మూతలు ఇప్పుడు రావు. అటక మీద పాత ఇనుములో ఉంటుందేమో చూద్దామనుకున్నాను. "అటక మీద తేళ్లున్నాయి, ఎక్కకు" అని నాన్న నా చిన్నప్పట్నుంచీ చెప్పేవాడు. ఏం కావాలన్నా తనే ఎక్కి దింపేవాడు. నిజం చెప్పాలంటే, ఆ వయసులో కూడా నిచ్చెన వేసేటప్పుడు తేళ్ల కోసం కాళ్ల దగ్గర ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను. నాన్నని అడిగి వెళ్లొచ్చు. కానీ అడిగితే పలక మీద రాయాలి, రాస్తే అలిసిపోతాడు. ఎందుకులే అని అడగలేదు.

తేళ్లూ లేవు, మూతా లేదు. చిట్టచివర గోడకి ఆనించి పొడుగాటి చెక్కపెట్టె ఒకటుంది. దాని మీద బొగ్గుతో నాన్న రాత: "కాలినవి". లోపల టార్పాలిన్. టార్పాలిన్ విప్పితే దుప్పటి. దుప్పటి విప్పితే నల్లటి పెట్టె, వాయిద్యాలు పెట్టుకునేది. దాని క్లిప్పులకి నూనె పెట్టి ఉంది. వేలితో తడితే టక్కున లేచాయి.

ఎలక్ట్రిక్ గిటారు. ఒళ్లు మధ్యలో తేనె రంగు, అంచులకి వచ్చేసరికి ముదిరి ముదిరి నల్లబడిపోయిన రంగు. నా మొహం అందులో కనిపించింది. ఇనుప భాగాల మీద తుప్పు చుక్క లేదు. తిప్పే బిరడాలు పాతబడి పాలమీగడ రంగుకి వచ్చాయి గానీ ఒక్కటీ విరగలేదు. తీగల కింద రెండు చిన్న పెట్టెల్లాంటివి ఉన్నాయి. వాటి కడుపులో ఏముంటుందో నాకు తెలుసు. అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకకంటే సన్నటి రాగి తీగ, కొన్ని వేల చుట్లు. అలాంటివి ఒకటీ రెండూ మా బల్ల మీదే చుట్టాను. కిందకి దింపి మీటరు పెట్టి చూశాను. ముల్లు లేచింది. రెండూ బతికే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నమే గడ్డం మాస్టారు వచ్చాడు. పేరు ఏదో ఉంది గానీ ఊరంతటికీ ఆయన గడ్డం మాస్టారే. గిటార్లు నేర్పుతాడు, రిపేర్లు చేస్తాడు, ఆదివారాలు ఒక హాల్లో వాయిస్తాడు. కాలిపోయిన ఆంప్లిఫయర్ల ట్రాన్స్‌ఫార్మర్లు మాకు తెస్తుంటాడు. బల్ల మీద ఉన్నదాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అమ్మాయ్, ఎక్కణ్ణుంచి ఎత్తుకొచ్చావ్ దీన్ని?"

"మా అటక మీంచి."

"అటకల మీద ఇలాంటివి కాస్తాయంటే నేనూ ఒకటి కట్టించుకుంటా."

చేతులు కడుక్కొచ్చి, చొక్కాకి తుడుచుకుని, అప్పుడు ముట్టుకున్నాడు. తిప్పి చూశాడు, వాసన చూశాడు, ఒక కన్ను మూసి మెడ పొడుగునా చూశాడు.

"ఇంచుమించు నా వయసుంటుంది. నాకు పళ్లూడిపోతున్నాయి, దీనికి ఒక్క గీత లేదు చూడు. తీగలు చూశావా? వదులు చేసి పెట్టారు. బిగించి వదిలేసి ఉంటే ఇన్నేళ్లకి మెడ వంగిపోయేది. ఇది అటక మీద పారేసిన వస్తువు కాదమ్మాయ్, దాచిన వస్తువు. దాచినవాడు పని తెలిసినవాడు."

నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఇంట్లో రేడియో పెడితేనే తలనొప్పి అనే మా నాన్నకి ఒకప్పుడు ఇంత సరదా ఉండేదా! తీసుకెళ్లి ఒళ్లో పెడితే ఆ మొహంలో ఒక్కసారైనా నవ్వు చూడొచ్చు అనుకున్నాను. షట్టరు దించేసి, పెట్టెని స్కూటరు వెనక కట్టుకుని ఇంటికి బయల్దేరాను.

నాన్న లోపలి గదిలో నిద్రపోతున్నాడు. అమ్మ వంటింట్లో ఆయన గొట్టంలో పోసే పాలు వడకడుతోంది. పెట్టె ముందు గదిలో నేల మీద పెట్టి, "అమ్మా, ఒకసారి ఇలా రా, ఏం దొరికిందో చూడు" అని మూత తెరిచాను.

చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చిన అమ్మ, తుడుచుకోవడం ఆపేసింది. మెల్లగా నేల మీద కూర్చుంది. గిటారుని ముట్టుకోలేదు. దానికి తగిలించిన గుడ్డ పట్టీని మాత్రం బయటికి లాగింది. ఆకుపచ్చ మందపాటి గుడ్డ, అంచుల వెంట రెండు వరసల కుట్టు. అమ్మ బొటనవేలు ఆ కుట్టు వెంట జరుగుతూ వెళ్లి ఒకచోట ఆగింది. అక్కడ జానెడు మేర దారం ఎరుపు.

"ఆకుపచ్చ దారం అయిపోయింది," అంది. "మళ్లీ కొట్టుకి ఎవరు వెళ్తారని ఎర్రదారంతో కుట్టేశాను."

"నువ్వు కుట్టావా?"

"ఎక్కడుంది ఇది?"

"షాపు అటక మీద. ఎవరిదమ్మా?"

అమ్మ పెట్టె మూలల్లో ఉన్న చిన్న తెల్ల పొట్లాలు నాలుగు తీసి అరచేతిలో పెట్టుకుంది. "ఇవేంటి?"

నాకు తెలిసిన సంగతి అడిగిందని హుషారుగా చెప్పాను. "బేరింగుల పెట్టెల్లో వస్తాయమ్మా, తేమ పీల్చుకోవడానికి. ఇవి కొత్త కంపెనీవి. మనం వాళ్ల దగ్గర కొనడం మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు. అంటే ఈమధ్యనే మార్చారన్నమాట."

"ఎవరు?"

"నాన్నే. ఆ అటక ఇంకెవరెక్కుతారు?"

అమ్మ పొట్లాలు ఎక్కడివక్కడ పెట్టేసింది. మూత దించి క్లిప్పులు రెండూ వేసింది. "పాలు చల్లారిపోతాయి" అని లేచి వెళ్లిపోయింది.

నాన్నకి పాలు పోసేటప్పుడు అమ్మ ఊరికే ఉండేది కాదు. వీధిలో ఎవరు ఎవరితో పోట్లాడారో, కుళాయి ఎన్నింటికి వచ్చిందో, మేడ మీదావిడ ఆరేసిన బట్టల్లోంచి మన పెరట్లోకి ఏమేం రాలిపడ్డాయో, అన్నీ చెప్పేది. నాన్న కళ్లతో నవ్వేవాడు. ఆ రోజు లోపల్నుంచి గిన్నె చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. మూతి తుడిచింది, తలగడ సర్దింది, బయటికొచ్చి పెట్టెని తీసుకెళ్లి ఆయన మంచానికి ఎదురుగా గోడకి ఆనించి నిలబెట్టింది.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నాన్న పెట్టెని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. కోపం లేదు ఆ చూపులో. కళ్లు మూసుకున్నాడు.

మా ఇంట్లో మావయ్య అనే మాట ఉండేది కాదు. అమ్మకి ఒక అన్న ఉండేవాడనీ, తాగి రైలు కింద పడ్డాడనీ నాకు చిన్నప్పుడు పక్కింటావిడ చెప్పింది. నిజమా అని అమ్మని అడిగితే, "అన్న కాదు, దొంగ" అంది. మళ్లీ అడగలేదు. ఆయన ఫొటో కూడా నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు పొద్దున పెరట్లో నాన్న దుప్పట్లు ఉతుకుతూ, నేనడక్కుండానే అమ్మ చెప్పింది.

"మాకు అమ్మా నాన్నా లేరు. నేనూ మా అన్నా, అంతే. రెండేళ్లు చొక్కాలకి కాలర్లు కుట్టి వాడికి అది కొనిచ్చాను. అది చేతిలో ఉంటే వాడు వేరే మనిషే. తాగుడు మానేశాడు. ఎక్కడో పెద్ద హోటల్లో వాయించే పని దొరికిందన్నాడు. శనివారం రైలు. నన్నూ రమ్మన్నాడు. బట్టలు సర్దేసుకున్నా కూడా. బుధవారం వచ్చి గిటారు పోయింది, ఎవరో ఎత్తుకుపోయారు అని ఏడ్చాడు. అంతకు ముందోసారి మా అమ్మ గొలుసు కూడా అలాగే 'పోయింది'. అదెక్కడికి పోయిందో నాకు తర్వాత తెలిసింది. మళ్లీ అదే నాటకం అనుకున్నా. అమ్ముకుని తాగేశావు, ఈ గుమ్మం తొక్కకు అన్నా."

దుప్పటి పిండింది. రెండో కొస నేను పట్టుకున్నాను.

"తొక్కలేదు. శుక్రవారం సాయంత్రం పట్టాల దగ్గర పోయాడు. దాటుతుంటేనో, దాటకుండానో, చూసినవాళ్లు లేరు. మీ నాన్నే వెళ్లి గుర్తుపట్టి, అన్నీ చేసి వచ్చాడు. నేను వెళ్లలేదు. మళ్లీ ఏడాదికి మా పెళ్లి."

"నాన్నని అడుగుదామా?"

"నేనడగను. రాయడానికి చెయ్యి ఉందిగా, రాయనీ."

అలా మూడు వారాలు. ఒకరికి మాట రాదు, ఒకరు మాట్లాడరు. అమ్మ చేసే పనిలో ఏమీ తేడా రాలేదు. గంటకోసారి గొట్టం శుభ్రం చేసేది, వీపు మీద పుళ్లు పడకుండా పొద్దునా సాయంత్రం పక్కకి తిప్పి పౌడరు రాసేది. ఆ చేతుల్లో విసురు కూడా లేదు. విసురు ఉంటే బాగుండుననిపించేది నాకు. నేను షాపులోనే ఎక్కువసేపు ఉండిపోయేదాన్ని. తీగ చుడుతూ లెక్క తప్పేదాన్ని, విప్పి మళ్లీ మొదలుపెట్టేదాన్ని. ఆ పొట్లాల సంగతి నేను చెప్పకుండా ఉంటే అమ్మ ఏదో ఒకటి అనుకుని ఊరుకునేదేమో అని వందసార్లు అనుకున్నాను. చివరి నెల మా నాన్నకి మనశ్శాంతి లేకుండా చేసింది నా తెలివే.

ఒక మధ్యాహ్నం కరెంటు లేదు. నాన్న చప్పట్లు కొట్టాడు. నన్ను పిలవాలంటే అలాగే పిలిచేవాడు. వెళ్లేసరికి చేతిలో నోటు పుస్తకం ఉంది. పలక చాలలేదు కాబోలు. పుస్తకం నా చేతిలో పెట్టి, వేలు వంటింటి వైపు చూపించాడు.

అమ్మకి అచ్చక్షరాలు వచ్చు గానీ నాన్న రాత రాదు. ఆ మాటకొస్తే ఎవరికీ రాదు. కోడి గీకినట్టుంటుంది. ఎన్ని చుట్లు, ఏ సైజు తీగ అని బిల్లుల వెనక ఆయన గీకినవి చదివీ చదివీ నాకొక్కదానికే అలవాటు. అమ్మని పిలిచాను. వచ్చి మంచం కాళ్ల వైపు కూర్చుంది. నేను మొదలుపెట్టాను. ఆయన "నేను" అని రాశాడు. నేనూ "నేను" అనే చదవాల్సి వచ్చింది.

"శనివారం నువ్వు వాడితో వెళ్లిపోతావని తెలిసింది. నేను వాడి వెనక డ్రమ్ములు వాయించేవాణ్ని, అంతకంటే నీకు నేనేమీ కాను. వెళ్లొద్దని అడిగే ధైర్యం లేదు. గిటారు లేకపోతే వాడు వెళ్లడు, వాడు వెళ్లకపోతే నువ్వు వెళ్లవు అనుకున్నాను. మంగళవారం మేం ప్రాక్టీసు చేసుకునే గదిలోంచి నేనే తీశాను. రైలు వెళ్లిపోయాక ఆదివారం తెచ్చి అక్కడే పెట్టేద్దామనుకున్నాను. ఐదు రోజులే అనుకున్నాను."

నేను చదవడం ఆపాను. అమ్మ "చదువు" అంది.

"శుక్రవారం వాణ్ని చూసి వచ్చాక నీకు చెప్పేద్దామని మీ ఇంటికి వచ్చాను. నువ్వు తలుపు తీసి, వాడు నన్ను ఒంటరిదాన్ని చేసి పోయాడు అన్నావు. చెప్పలేకపోయాను. తర్వాత రోజు చెప్పలేదు కాబట్టి ఆ తర్వాత రోజు చెప్పలేకపోయాను. గిటారుని ఎవరికీ అమ్మలేదు. వాయించలేదు. వాడి వస్తువు, వాడు పెట్టినట్టే ఉండాలని చూసుకున్నాను."

ఇంకో రెండు పేజీలున్నాయి. అమ్మ చెయ్యెత్తి ఆపింది. నాన్న వైపు తిరిగింది. మూడు వారాల్లో అదే మొదటిసారి ఆయనతో మాట్లాడడం. పుట్టి బుద్ధెరిగాక అమ్మ ఆయన్ని "మీరు" తప్ప ఇంకోలా అనగా నేను వినలేదు.

"వాడు నిన్ను అడిగాడా?" అంది.

నాన్న పెన్సిల్ తీసుకున్నాడు. నేను చదివాను. "అడిగాడు. రెండుసార్లు."

"నువ్వేం చెప్పావు?"

"తెలీదన్నాను. వాడితో కలిసి ఊరంతా వెతికాను."

"నేను వాణ్ని గుమ్మం తొక్కొద్దన్నానని నీకు అప్పుడే తెలుసా?"

నాన్న ఒక్క మాట రాశాడు. "తెలుసు."

కిటికీలోంచి వేడిగాలి కొడుతోంది. అమ్మ ఆయన్నే చూస్తూ, గొంతు పెంచకుండా అంది. "ఇన్నేళ్లూ నేను వాణ్ని దొంగా దొంగా అంటుంటే నువ్వు పక్కనే కూర్చుని అన్నం తిన్నావు."

నాన్న పెన్సిల్ పక్కన పెట్టేశాడు. ఏడ్చాడు. గొంతు లేని మనిషి ఏడిస్తే చప్పుడుండదు. మెడలో గొట్టం మాత్రం ఈల వేసినట్టు కూస్తుంది, అందులోకి కఫం వచ్చి అడ్డం పడుతుంది. ఆయన మొహం నల్లబడిపోయింది. నేను కంగారుగా లేచేలోపే అమ్మ అక్కడుంది. లోపలి గొట్టం తీసింది, గుడ్డతో కఫం లాగింది, కడిగింది, మళ్లీ పెట్టింది. ఎడంచేత్తో ఆయన తల పట్టుకుని ఉంది.

"ఏడిస్తే గొట్టం పూడుకుపోతుంది," అంది. "ఏడవకు."

ఆ తర్వాత ఆయన పన్నెండు రోజులున్నాడు. డాక్టరు అన్నట్టు వానలదాకా ఆగలేదు. నేను షాపులో ఉండగా మేడ మీదావిడ ఫోను చేసింది. వెళ్లేసరికి అమ్మ పక్కనే కుర్చీలో కూర్చుని ఉంది. గొట్టాలు రెండూ తీసేసి, మెడ మీద కన్నం కనపడకుండా తెల్లగుడ్డ కప్పింది.

"చివర్లో ఏమైనా అన్నావా అమ్మా?"

"ఏమనాలి?" అంది.

నేను మాత్రం ఏమన్నాను? ఆ పన్నెండు రోజులూ పొద్దున్నే "వెళ్లొస్తా నాన్నా" అనడం, సాయంత్రం "వచ్చాను నాన్నా" అనడం. అంతకుమించి నోరు రాలేదు. ఆయన మీద కోపమో, నా మీద కోపమో తేల్చుకునేలోపే మనిషి వెళ్లిపోయాడు.

వారం తర్వాత మంచం విప్పుతుంటే నోటు పుస్తకం దొరికింది. అమ్మ చదవనివ్వని పేజీల తర్వాత, ఆఖర్న ఇంకో వాక్యం ఉంది. అమ్మకి చదివి వినిపించాను. "తీగలు మార్చాలి. పాతవి బిగిస్తే తెగిపోతాయి."

అమ్మ పక్క గుడ్డలు మడతపెట్టడం ముగించి, "ఆ గడ్డమాయన్ని రమ్మను" అంది.

ఆయన వచ్చి ముందు గదిలో చాప మీద కూర్చుని కొత్త తీగలు వేశాడు. ఆంప్లిఫయరు తేలేదు. ఊరికే మీటితే దోమ మూలిగినట్టు సన్నగా వినిపించింది. అమ్మ గుమ్మానికి ఆనుకుని చూస్తూ, "నువ్వు తీసుకో తమ్ముడూ" అంది.

మాస్టారు ఉలిక్కిపడ్డాడు. "దీని సంగతి మీకు తెలీదక్కా. ఇలాంటివి అద్దాల పెట్టెలో పెట్టుకునేవాళ్లున్నారు. నేను మీకు మంచి మనిషిని చూసిపెడతా."

"పెట్టెలో పెట్టేవాళ్లకి ఇవ్వను. రోజూ వాయిస్తావా?"

"వాయిస్తే చెమట పడుతుంది. గీతలు పడతాయి. ఇంత శుభ్రంగా ఉండదు మరి."

"ఉండక్కర్లేదు," అంది అమ్మ.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం మాస్టారు మమ్మల్ని హాలుకి పిలిచాడు. అమ్మ రాదనుకున్నాను, వచ్చింది. వెనక వరసలో, తలుపు పక్కన కూర్చున్నాం. తేనె రంగు గిటారు లైట్ల కింద మెరిసింది. గట్టిగా, నిండుగా పలికింది. ముందు వరసల్లో జనం ఈలలు వేశారు. అమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని రెండు పాటలు విని, మూడోది మొదలుకాకముందే లేచి నిలబడింది.

బస్సులో కిటికీ పక్క సీటు తనకే ఇచ్చాను. అద్దం మీద వాన కొడుతోంది. మా స్టాపుకి ఇంకా రెండు స్టాపులున్నాయనగా, అటే చూస్తూ అంది:

"వెనక డ్రమ్ములవాడు తొందరపడుతున్నాడు. మీ నాన్న ఎప్పుడూ తొందరపడేవారు కాదు."

ఆయన పోయాక అమ్మ నోట ఆయన మాట రావడం అదే మొదలు. నేను ఇంకేమైనా అంటుందేమోనని చూశాను. బస్సు ఆగింది. అమ్మ గొడుగు విప్పుకుని, నాకంటే ముందు దిగి నడిచింది.